రెండేళ్లు తాళం వేసిన ఇల్లు ఊడ్చాను, ఇప్పుడు ఎలుకల వైరస్ భయం పట్టుకుంది

పాకాల_పాతిల్లు
జనవరి 2, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. ఈ వేదికలో ఇన్నాళ్లూ చదవడమే తప్ప రాసింది లేదు. నిద్ర పట్టక రాస్తున్నాను.

పాకాల దగ్గర పల్లెలో మా తాతగారి కాలపు మట్టిమిద్దె ఉంది. అమ్మను తిరుపతికి తీసుకొచ్చాక రెండేళ్లుగా తాళం వేసే ఉంది. ఈ సంక్రాంతికి అందరం అక్కడే చేరాలనుకున్నాం. ముందు గదులు, పెరడు డిసెంబర్ 27న మనిషిని పెట్టి శుభ్రం చేయించాను. వెనక కొట్టు గది మాత్రం సామాను ఉందని మరుసటి రోజు నేనే తీశాను. లోపల ఎప్పటివో వేరుశనగ కాయల సంచులు నాలుగు. నాలుగింటికీ అడుగున బొక్కలు. కాయలు లేవు, పొట్టు మిగిలింది. ఆ పొట్టు నిండా నల్లటి పెంటికలు. అటక మీద అమ్మ పాత చీరలు పీలికలు చేసుకుని గూడు కట్టుకున్నాయి. చీపురు తీసుకుని అరగంట ఊడ్చాను. కిటికీలోంచి పడే ఎండలో దుమ్ము స్తంభంలా నిలబడింది. ముక్కుకు కనీసం తువ్వాలు కూడా కట్టుకోలేదు. రాత్రి దాకా ముక్కు చీదితే నలుపే.

నిన్న ఫోనులో ఏదో చదువుతుంటే హాలీవుడ్ నటుడు జీన్ హ్యాక్‌మన్ భార్య బెట్సీ అరకావా 2025 ఫిబ్రవరిలో హంటా వైరస్ సోకి చనిపోయారని, వాళ్ల ఆవరణలోని షెడ్లలో ఎలుకల ఆనవాళ్లు దొరికాయని కనిపించింది. అప్పటి నుంచి తుమ్మినా అనుమానమే. జ్వరం లేదు. నాకు ప్రమాదం ఎంత? ఏ పరీక్ష చేయించుకోవాలి? అమ్మకు నా నుంచి అంటుతుందా?

సాంబ్రాణి
జనవరి 2, రాత్రి 11:58

భయపడకండి. వేపాకు, సాంబ్రాణి కలిపి మూడు రోజులు పొగ వేయండి. మా ఇంట్లో ఎప్పుడూ అదే. ఎలుకలూ పోతాయి, క్రిములూ పోతాయి.

విశ్రాంత_పశువైద్యుడు
జనవరి 3, ఉదయం 5:50

పాకాల గారూ, ముందు ఊపిరి పీల్చుకోండి. ఈసారి దుమ్ము లేని చోట.

సాంబ్రాణి గారి పొగతో దోమలు కాసేపు పక్కకు తప్పుకుంటాయేమో. నేల మీద ఎండిపోయిన మూత్రంలోని వైరస్‌కు దానితో పని లేదు. పైగా ఆ గదిలో పొగ పెట్టి విసనకర్రతో విసిరితే ఉన్న ధూళి కూడా లేస్తుంది.

హంటా వైరస్ సోకిన ఎలుకకు దానివల్ల బాధ ఏమీ ఉండదు. బతికినన్నాళ్లూ తిరుగుతూనే, మూత్రంలో, పెంటికల్లో, చొంగలో వైరస్‌ను వదులుతూ పోతుంది. అది ఎండి, చీపురు తగిలి, ధూళిగా లేచి ముక్కులోకి పోవడమే మనుషులకు సోకే పెద్ద దారి. కరిస్తే రావచ్చు కానీ అరుదు. వాటి మూత్రం పడిన తిండి తిన్నా, పెంటికలు ముట్టుకున్న చేత్తో ముక్కూ నోరూ తుడుచుకున్నా రావచ్చు. కాబట్టి ఎలుక ఎదురుపడిందా లేదా అన్నదాని కంటే, మూసి ఉన్న గదిలో పొడి చీపురు పట్టారా అన్నదే పెద్ద ప్రశ్న. మీరు పట్టారు. దాచి లాభం లేదు.

ఇప్పుడు మీకు అనుకూలమైన మాట. ఈ వైరస్ పైన కొవ్వు పొర ఉంటుంది. సబ్బుకు, బ్లీచింగ్‌కు, ఎండకు తట్టుకోలేదు. గది నీడలో కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు వారాల దాకా నిలవగలదు. నెలల తరబడి అలా కాచుకుని కూర్చోదు. కొత్త పెంటికలు మెత్తగా, నల్లగా మెరుస్తాయి. పాతవి బూడిద రంగుకు తిరిగి, నొక్కితే పొడి అవుతాయి. (చేత్తో నొక్కి చూడకండి, పుల్లతో చాలు.) మీరు ఊడ్చినవి ఏ రకం?

ఇంకో సంగతి. మన వాళ్లు ఈ వైరస్ ఎక్కడో అమెరికా అడవుల్లోది అనుకుంటారు. పేరు కొరియాలోని హంతాన్ నది మీద వచ్చింది. 1950లలో అక్కడి యుద్ధంలో మూడు వేల మందికి పైగా సైనికులు జబ్బు పడ్డారు. కారణమైన వైరస్‌ను హో వాంగ్ లీ అనే శాస్త్రవేత్త పొలం ఎలుకలో పట్టుకున్నది మాత్రం 1976లో. అయితే అంతకు ముందే, 1964లో, మన చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో ఉన్న వేలూరులో మెదడువాపు వ్యాధి గురించి వెతుకుతూ ఒక చుంచును పరీక్షిస్తే అందులో కొత్త వైరస్ ఒకటి దొరికింది. ఆ చోటు పేరే దానికి పెట్టారు, తొట్టపాళయం వైరస్ అని. అది కూడా హంటా కుటుంబానిదే అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అంటే ఈ వంశంలో మొట్టమొదట చేతికి చిక్కింది మన పొరుగు ఊళ్లోనే. దానివల్ల మనుషులకు జబ్బు వస్తుందని రుజువు కాలేదు, కంగారు పడకండి.

చుంచు అసలు ఎలుక జాతే కాదు. పురుగులు తినే వేరే జంతువు. మూతి పొడుగ్గా ఉండి, దగ్గరికి వెళితే కంపు కొడుతుంది. తమిళం వాళ్లు దాన్ని మూంజూరు అని, వినాయకుడి వాహనం అదేనని అంటారు. కాణిపాకం దగ్గర పనిచేసిన రోజుల్లో ఈ విషయం మీద రెండు వాదనలు జరగడం నేను చూశాను. తేలలేదు.

జ్వరాల_డాక్టర్
జనవరి 3, ఉదయం 7:15

పశువైద్యుల వారు చెప్పాల్సింది చాలావరకు చెప్పేశారు. మీ మూడు ప్రశ్నలకు జవాబులు.

జ్వరం లేనప్పుడు పరీక్ష వద్దు. ఇప్పుడు చేయిస్తే వచ్చే ఫలితంతో మీరూ ఏమీ చేయలేరు, నేనూ ఏమీ చేయలేను. ఈ వైరస్ సోకాక జబ్బు బయటపడటానికి ఒక వారం నుంచి ఎనిమిది వారాల వరకు పట్టవచ్చు. అంటే ఫిబ్రవరి నెలాఖరు దాకా ఒంటిని కాస్త గమనించుకోండి. జ్వరం, తొడల్లో నడుములో గట్టి నొప్పులు, ఆపైన ఆయాసం గానీ మూత్రం తగ్గడం గానీ వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. వెళ్లినప్పుడు మొదటి వాక్యంగా ఎలుకలున్న గది ఊడ్చానని చెప్పండి. రోగులు ఈ మాట తప్ప అన్నీ చెబుతారు.

అమ్మగారికి అంటుతుందా? మనిషి నుంచి మనిషికి పాకడం రుజువైంది దక్షిణ అమెరికాలోని ఆండీస్ వైరస్ ఒక్కదానికే. అర్జెంటీనాలోని ఎపుయెన్ అనే ఊళ్లో 2018, 19ల్లో అలా 34 మందికి సోకింది, 11 మంది చనిపోయారు. మన ఎలుకల్లో ఉండే రకాలకు ఆ గుణం కనిపించలేదు.

మీరు చదివిన వార్తలోది ఊపిరితిత్తులను పట్టే అమెరికా రకం. సోకిన వాళ్లలో మూడో వంతుకు పైగా చనిపోతారు. దాన్ని మోసే డీర్ మౌస్ అనే చిట్టెలుక మన దేశంలో లేదు. ఆసియా, ఐరోపా రకాలు ఎక్కువగా మూత్రపిండాలను పడతాయి. వాటిలో ప్రాణాపాయం రకాన్ని బట్టి నూటికి ఒకటి లోపు నుంచి పదిహేను వరకు ఉంటుంది. ప్రత్యేకమైన మందు దేనికీ లేదు. సకాలంలో ఆసుపత్రిలో చేరితే ఒంట్లోని నీరు, రక్తపోటు, ఆక్సిజన్ చూసుకుంటూ గట్టెక్కిస్తారు.

ఇక నా సొంత అభిప్రాయం. చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో ఎలుకల ఇంటి నుంచి వచ్చి జ్వరం అంటే నేను మొదట వెతికేది హంటాను కాదు. లెప్టోస్పైరోసిస్, స్క్రబ్ టైఫస్. రెండూ వైరస్‌లు కావు, బాక్టీరియా. రెండింటికీ చవకైన మందు ఉంది. ఆలస్యమైతే రెండూ చంపుతాయి.

పాకాల_పాతిల్లు
జనవరి 3, ఉదయం 8:02

ఇద్దరికీ దండాలు. పెంటికలు రెండు రకాలూ ఉన్నాయి. సంచుల దగ్గరివి బూడిద రంగు. అటక కింద గోడ వారన ఉన్నవి మెరుస్తున్నాయి.

గిడ్డంగి_గుమాస్తా
జనవరి 3, ఉదయం 10:30

చిత్తూరులో బెల్లం, చింతపండు, వేరుశనగ నిల్వ చేసే గిడ్డంగుల్లో ఇరవై రెండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. గోడ వారన అన్నారు కదా, అక్కడ నేలకు జానెడు ఎత్తులో నల్లటి జిడ్డు గీత ఉందేమో చూడండి. ఎలుకలు రోజూ ఒకే దారిలో గోడను రాసుకుంటూ పోతాయి. వాటి ఒంటి జిడ్డు అంటుకుని అలా గీత పడుతుంది. గీత మీద దుమ్ము పట్టి ఉంటే దారి వదిలేశాయని, నిగనిగలాడుతుంటే రాత్రి కూడా వచ్చాయని అర్థం. మా హమాలీలు ఆ గీత చూసే బోను పెడతారు.

ఈ చర్చ చదివాక నాకు మా వాళ్ల మీద బెంగ మొదలైంది. మధ్యాహ్నం అన్నం తిని ఆ సంచుల మీదే నిద్రపోతారు. మూట ఎత్తి భుజాన వేసుకుంటే అడుగు నుంచి పొట్టూ పెంటికలూ మెడ మీద రాలతాయి. చేతులు కడుక్కునే చోటు గేటు దగ్గర ఉంది, అంత దూరం ఎవరు పోతారు? తువ్వాలుతో తుడుచుకుని క్యారియరు విప్పుతారు. ఇంత చేసినా ఇరవై రెండేళ్లలో ఎవరికీ హంటా అనే మాట నేను వినలేదు.

సూక్ష్మదర్శిని
జనవరి 3, మధ్యాహ్నం 1:20

గుమాస్తా గారూ, వినకపోవడానికి ఒక కారణం, ఎవరూ అడగకపోవడం. జ్వరం వస్తే డెంగీ, మలేరియా, టైఫాయిడ్ చూస్తారు. అవి లేవంటే వైరల్ జ్వరం అని రాసి పంపేస్తారు. నేను ల్యాబులో పనిచేస్తాను, రోజూ ఆ చీటీలే చూస్తాను. వేలూరు పరిశోధకులు కొన్నేళ్ల కిందట ఎలుకలు పట్టే ఇరుళర్ తెగ వాళ్లలో, గిడ్డంగి కార్మికుల్లో, మూత్రపిండాల రోగుల్లో రక్తం తీసి చూస్తే కొందరిలో హంటా యాంటీబాడీలు కనిపించాయి. అంటే ఎప్పుడో తగిలి, పేరు తెలియకుండానే వెళ్లిపోయి ఉంటుంది. మీ హమాలీలు కూడా ఆ జాబితాలోని వాళ్లే.

తిమ్మసముద్రం_1987
జనవరి 3, మధ్యాహ్నం 2:05

ఎలుకలు తినే వాళ్ల వల్లే ఇవన్నీ వస్తున్నాయి. చైనాలో అలాగే కదా వచ్చింది. వాళ్లను ఆపితే సగం జబ్బులు పోతాయి.

స్వర్ణముఖి_ఒడ్డున
జనవరి 3, మధ్యాహ్నం 3:45

తిమ్మసముద్రం గారూ, మాది ఏర్పేడు వైపు. మా నాన్న యానాది. వరి కోతలయ్యాక గట్ల మీద ఎలుకలు పట్టడానికి రైతులే కబురు పంపేవారు. కుండలో గడ్డి పెట్టి నిప్పు రాజేసి, బొరియ నోటికి ఆనించి పొగ ఊదేవారు. అవతలి బొరియ దగ్గర నేను కూర్చునేవాడిని. ఆ తర్వాత తవ్వితే బొరియ అడుగున అవి దాచుకున్న వడ్లు తట్టెడు దొరికేవి. మా ఇంట్లో నెల రోజులు ఆ గింజలే. పంటను కాపాడింది మేము, జబ్బు తెచ్చింది కూడా మేమేనా?

బాగా ఉడికిన మాంసంతో ఏ వైరస్ రాదు. ప్రమాదం అంతకు ముందుది. బొరియ తవ్వేటప్పుడు మొహం మీదికి ఎగిరే మట్టి, ఒట్టి చేత్తో పట్టుకుంటే పడే గాట్లు, కోసేటప్పుడు అంటే నెత్తురు. ఆ ప్రమాదం నాన్నది, మీది కాదు. చేతి తొడుగులు ఇవ్వాలని ఒక్క రైతుకూ తోచలేదు.

పాకాల గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. ముందు రోజు మనిషిని పెట్టి ఊడ్పించానన్నారు. ఆవిడ ఎలా ఉన్నారు?

పాకాల_పాతిల్లు
జనవరి 3, సాయంత్రం 6:10

నిజం చెప్పాలంటే నాకు ఆ ఆలోచన రాలేదు. ఇప్పుడే ఫోను చేశాను. బాగానే ఉన్నారట. ఎందుకడుగుతున్నావు నాయనా, డబ్బు తక్కువ ఇచ్చావని గుర్తొచ్చిందా అని నవ్వారు.

నిర్వాహకుడు
జనవరి 3, సాయంత్రం 6:30

కులాల తిండి మీద వ్యాఖ్యలు ఇక్కడ వద్దు. ఒకటి తొలగించాను. తిమ్మసముద్రం గారి మొదటి వ్యాఖ్యను మాత్రం జవాబు అర్థం కావడానికి ఉంచాను.

స్టుట్‌గార్ట్_చిత్తూరు
జనవరి 3, రాత్రి 9:50

నేనుండేది జర్మనీ దక్షిణాన. ఇక్కడ హంటా వైరస్ అందరికీ తెలిసిన పేరే. బ్యాంక్ వోల్ అనే చిన్న అడవి ఎలుక మోసే పూమాలా రకం. బీచ్ అనే అడవి చెట్లు విపరీతంగా కాసిన ఏడాది ఆ గింజలు తిని ఎలుకలు పెరుగుతాయి, మరుసటి ఏడాది జనానికి జబ్బులు పెరుగుతాయి. చలికి వంటచెరకు పేర్చుకునే కొట్టాలు, తోట పనిముట్ల గదులు, వేసవిలో తెరిచే చిన్న ఇళ్లు, ఇవే సోకే చోట్లు. మా ఇంటి యజమాని షెడ్డు తాళం ఇస్తూ, తలుపు తీసి అరగంట బయట నిలబడి ఆ తర్వాతే లోపలికి వెళ్లు అన్నాడు. మర్యాద కోసం అన్నాడనుకున్నాను.

సిగరెట్లు తాగేవాళ్లకు ఈ జబ్బు ఎక్కువగా వస్తుందని ఐరోపా పరిశోధనల్లో తేలింది. ఊపిరితిత్తుల సొంత శుభ్రపు ఏర్పాటు దెబ్బతినడం ఒకటి, మట్టి చేత్తోనే సిగరెట్టు నోట్లో పెట్టుకోవడం ఇంకొకటి కావచ్చు. బీడీ కాల్చే హమాలీలకు కూడా ఇది చెప్పండి, గుమాస్తా గారూ.

విశ్రాంత_పశువైద్యుడు
జనవరి 4, ఉదయం 5:40

జర్మనీ గింజల కథ అన్నిచోట్లా ఉంది. అమెరికాలో 1993లో నాలుగు రాష్ట్రాలు కలిసే చోట ఈ జబ్బు మొదటిసారి బయటపడినప్పుడు కూడా అంతకు ముందు వానలు బాగా కురిసి, పైన్ గింజలు విరగకాసి, చిట్టెలుకలు ఎన్నో రెట్లు పెరిగాయి. మన మిజోరంలో వెదురు పూసినప్పుడల్లా ఎలుకల దండు వస్తుంది. 1959లో వచ్చింది, మళ్లీ 2007 ప్రాంతంలో వచ్చింది. మన దగ్గర నవంబర్ వానలకు గట్ల మీది బొరియల్లో నీళ్లు నిండితే పొలం ఎలుకలు, పందికొక్కులు ఊళ్లోకి ఎక్కుతాయి. తాళం వేసిన ఇల్లు వాటికి సత్రం.

పాకాల గారూ, పండక్కి అందరూ ఆ ఇంట్లో పడుకుంటారా? నేల మీద చాపలు పరుచుకునేనా? 2012లో అమెరికాలోని యోసెమిటీ పార్కులో పది మందికి హంటా సోకింది, ముగ్గురు పోయారు. వాళ్లు ఏదీ ఊడ్చిన వాళ్లు కాదు. తొమ్మిది మంది రెండు పొరల గోడలున్న గుడారాల్లో పడుకున్నారు. ఆ పొరల మధ్య ఎలుకలు కాపురం పెట్టాయి. మీ అటక కింద పిల్లలను పడుకోబెట్టకండి, అది పూర్తిగా శుభ్రపడేదాకా.

పాకాల_పాతిల్లు
జనవరి 4, ఉదయం 9:00

సరే. మరి అటక, కొట్టు గది ఎలా శుభ్రం చేయాలి? ఇంకా సగం మిగిలే ఉంది.

సూక్ష్మదర్శిని
జనవరి 4, మధ్యాహ్నం 12:15

ఇది నా పని, నేను చెబుతాను.

ముందు తలుపులు, కిటికీలు అన్నీ తీసి అరగంట బయటికి వచ్చేయండి. చేతులకు రబ్బరు తొడుగులు, ముక్కుకు ఎన్95 మాస్కు. మామూలు బట్ట మాస్కు ధూళిలోని సన్నటి రేణువులను ఆపదు. బ్లీచింగ్ పౌడర్ కొత్తది అయితే లీటరు నీళ్లకు పెద్ద చెంచాడు చాలు. పంచాయతీ వాళ్లు ఎప్పుడో పోసి వెళ్లిన పొడి, మూట విప్పి ఏడాది అయినది, వాసన పోయినది పనికిరాదు. సీసాలో దొరికే ద్రవం అయితే ఒక పాలు దానికి తొమ్మిది పాళ్లు నీళ్లు. ఏ రోజుది ఆ రోజే కలుపుకోండి.

పెంటికల మీద, గూటి మీద ఆ నీళ్లు మెల్లగా పోయండి. జోరుగా చిమ్మితే మళ్లీ ధూళే. బాగా నానాక, పది నిమిషాల తర్వాత, పాత పేపర్లతో ఎత్తి రెండు కవర్లలో కట్టేయండి. అప్పుడు తడిగుడ్డ. చీపురు ఆ రోజు చివర, అదీ నేల తడిగా ఉండగానే. వ్యాక్యూమ్ క్లీనర్ వద్దే వద్దు. తొడుగులు తీసే ముందు తొడుగుల మీదే సబ్బుతో కడగాలి, తీశాక చేతులు మళ్లీ కడగాలి.

ఒక హెచ్చరిక. బ్లీచింగ్ నీళ్లలో బాత్రూం యాసిడ్ కలిపితే ఇంకా బాగా పోతుందని కొందరు కలుపుతారు. క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసి ఉన్న గదిలో అది హంటా కంటే ముందే మనిషిని పడగొడుతుంది.

అలిపిరి_అమ్మ
జనవరి 4, మధ్యాహ్నం 12:50

మా అమ్మమ్మ మట్టి నేల మీద నీళ్లు చిలకరించకుండా ఎప్పుడూ చీపురు పట్టేది కాదు. ముక్కులోకి దుమ్ము పోతుందని చెప్పేది. టైల్స్ వేశాక మనం ఆ అలవాటు మానేశాం.

నాదో సందేహం. మా అబ్బాయి హ్యామ్‌స్టర్ కావాలని పేచీ పెడుతున్నాడు. మా చెల్లెలు కడుపుతో ఉంది, పురిటికి మా ఇంటికే వస్తోంది. కొనవచ్చా?

జ్వరాల_డాక్టర్
జనవరి 4, మధ్యాహ్నం 2:30

పురుడు అయ్యేదాకా వద్దు. ఇంట్లో తిరిగే చిట్టెలుకల్లో ఎల్‌సీఎంవీ అనే వైరస్ ఉంటుంది, వాటి నుంచి పెంపుడు హ్యామ్‌స్టర్లకు అంటుతుంది. పెద్దవాళ్లకు చాలామందికి ఏమీ కాదు, లేదా జ్వరం వచ్చి పోతుంది. గర్భిణికి సోకితే మాత్రం బిడ్డ మెదడు, కళ్లు దెబ్బతినే ప్రమాదం ఉంది. చెల్లెలిని ఎలుకలున్న స్టోరు గది సర్దనివ్వకండి. అబ్బాయికి అంతదాకా చేపలు కొనిపెట్టండి. ఇంకా ఏడిస్తే నా పేరు చెప్పండి.

కొండ_ట్యాక్సీ
జనవరి 4, సాయంత్రం 4:00

డాక్టరు గారూ, మా కార్లలో కూడా ఎలుకలు దూరతాయి. మొన్న ఏసీ వేస్తే వాసన. ఫిల్టరు తీస్తే దాని మీద దూదితో గూడు. నేను ఊదేసి మళ్లీ పెట్టాను. తప్పా?

సూక్ష్మదర్శిని
జనవరి 4, సాయంత్రం 4:25

ఊదడం అన్నిటికంటే తప్పు, అన్నా. ఫిల్టరు కొత్తది వేయించండి. పాతది బ్లీచింగ్ నీళ్లతో తడిపి కవరులో కట్టి పారేయండి. గూడు ఉన్న చోటంతా తలుపులు తీసి, తడిపి, తుడవాలి. ఆ పని అయ్యేదాకా ఏసీ వేసి యాత్రికులను ఎక్కించుకోకండి.

గిడ్డంగి_గుమాస్తా
జనవరి 4, రాత్రి 8:20

బోను విషయంలో ఒక మాట. మందు కంటే బోను మేలని మా అనుభవం. మందు తిన్న ఎలుక గోడలోనే చచ్చి పది రోజులు కంపు. పైగా ఆ నల్ల పొడి మందు, జింక్ ఫాస్ఫైడ్, పిల్లల చేతికి దొరికితే విరుగుడు లేదు.

సూక్ష్మదర్శిని
జనవరి 4, రాత్రి 9:00

మందు గురించి ఒప్పుకుంటాను. బోను గురించి సగమే ఒప్పుకుంటాను. బతికి ఉన్న ఎలుక బోనులో బెదిరి మూత్రం పోస్తూనే ఉంటుంది. జిగురు అట్టల మీద కూడా అంతే. ఒక్క దెబ్బకు చంపే రకం ఎలుకల బోను మంచిది. చచ్చిన దాన్ని కూడా తడిపాకే ఎత్తాలి. అన్నిటికంటే ముందు రంధ్రాలు మూయండి. పెన్సిలు పట్టే సందు ఉంటే చిట్టెలుక దూరుతుంది. ఇనుప పీచు కుక్కి సిమెంటు పెట్టించండి.

పాకాల_పాతిల్లు
జనవరి 9, రాత్రి 8:45

స్వర్ణముఖి గారూ, మీరు ఆ రోజు ఎందుకు అడిగారో గానీ, ఊడ్చిన అక్కకు మూడు రోజులుగా జ్వరం. కళ్లు తెరవలేనంత తలనొప్పి అట. ఊళ్లో సూది మందు వేసి మాత్రలు ఇచ్చారు, తగ్గలేదు. కూలి పోతుందని తిరుపతికి రానంటోంది. ఇది హంటాయేనా? నా చేతులు వణుకుతున్నాయి.

జ్వరాల_డాక్టర్
జనవరి 9, రాత్రి 8:58

ముందు ఆవిడను రేపు ఉదయమే పెద్ద ఆసుపత్రికి తీసుకురండి, ఖర్చు మీదే అని చెప్పండి. ఆయాసం ఉంటే ఈ రాత్రికే. ఈలోగా ఇంట్లో ఆడవాళ్లెవరినైనా ఒంటి మీద వెతకమనండి. చంకలు, రొమ్ముల కింద, నడుము చుట్టూ, తొడల మడతలు, మోకాలి వెనక. చుట్టతో కాల్చినట్టు చిన్న నల్లటి పొక్కు ఉంటుందేమో. నొప్పి ఉండదు, అందుకే ఎవరూ చెప్పరు. పెరట్లో కలుపు పీకిందా?

పాకాల_పాతిల్లు
జనవరి 9, రాత్రి 9:30

పీకింది. నడుం లోతు పిచ్చిమొక్కలు. రోజంతా కింద కూర్చునే పీకింది. వాళ్ల అమ్మాయి ఇప్పుడే చూసి చెప్పింది, చీర కుచ్చిళ్లు దోపుకునే చోట నల్లటి పొక్కు ఉందట. ఏదో పురుగు కుట్టిందనుకుందట.

జ్వరాల_డాక్టర్
జనవరి 9, రాత్రి 9:34

స్క్రబ్ టైఫస్ కావడానికే ఎక్కువ అవకాశం. ఆసుపత్రిలో ఆ పొక్కు చూపించండి, కలుపు పీకిన సంగతి చెప్పండి. చూడకుండా నేను ఇంతకంటే చెప్పకూడదు.

విశ్రాంత_పశువైద్యుడు
జనవరి 10, ఉదయం 5:30

రాత్రి ఇది చూడలేదు. ఎలుకల మీద, అవి తిరిగే పొదల్లో, కంటికి సరిగా ఆనని నల్లి పిల్లలు (మంచం నల్లులు కావు) ఉంటాయి. స్క్రబ్ టైఫస్ అంటించేది అవే. గడ్డిలో కూర్చున్న మనిషికి అంటుకుని, బట్ట బిగుతుగా ఉండే చోట చేరి కుడతాయి. జబ్బు బయటపడటానికి పది పన్నెండు రోజులు. డిసెంబర్ 27 నుంచి లెక్క పెట్టుకోండి.

ఆ పెరట్లో నీటి గుంట ఉంటే మూడోది కూడా ఉండేది. 2021 నవంబర్ వరదల్లో తిరుపతి వీధుల్లో మోకాలి లోతు నీళ్లలో కాళ్ల పగుళ్లతో నడిచిన వాళ్లందరికీ లెప్టో ప్రమాదం ఉండింది. ఎలుక మూత్రం నీళ్లలో కలిస్తే అది చర్మం గాట్లలోంచి ఎక్కుతుంది. గదిలో ఊడ్చిన వాడికి ఒకటి, కలుపు పీకిన మనిషికి ఒకటి, నీళ్లలో దిగిన వాడికి ఇంకొకటి. ఇల్లు ఒకటే, ఎలుకలు అవే. అందుకే డాక్టరు గారు ఏం పని చేశావని అడిగారు.

పాకాల_పాతిల్లు
జనవరి 12, సాయంత్రం 7:10

స్క్రబ్ టైఫస్ అనే తేలింది. డాక్సీసైక్లిన్ అనే మందు మొదలుపెట్టిన రెండో రోజుకే జ్వరం దిగింది. ఆకలి అంటోంది. ఆసుపత్రిలో ఏం పని చేస్తావమ్మా అని అడిగితే, పనేమీ లేదు సారూ ఇంట్లోనే ఉంటాను అందట. కూలికి వెళ్లానంటే జబ్బు అంటించుకుని వచ్చానని తిడతారేమోనని భయం. వాళ్ల అమ్మాయి అసలు సంగతి చెప్పింది. పది రోజుల కూలి లెక్కగట్టి ఇచ్చాను. తీసుకోవడానికి అరగంట బతిమాలాల్సి వచ్చింది.

స్వర్ణముఖి_ఒడ్డున
జనవరి 12, రాత్రి 8:00

సంతోషం. ఆవిడకు మణికట్ల దాకా చేతులున్న చొక్కా, బూట్లు కొనిపెట్టండి. కలుపు పీకాక బట్టలు వేడినీళ్లలో వేసి స్నానం చేయమనండి. గడ్డి మీద కూర్చోవద్దనండి, పీట ఇవ్వండి.

పాకాల_పాతిల్లు
జనవరి 16, ఉదయం 10:20

పండగ అయింది. పిల్లలను ముందు గదిలో మంచాల మీదే పడుకోబెట్టాం. కొట్టు గది, అటక నేనే శుభ్రం చేశాను, సూక్ష్మదర్శిని గారు చెప్పినట్టే. మాస్కు పెట్టుకుని అటక ఎక్కితే పిల్లలు వ్యోమగామి అన్నారు. కనుమ నాడు అక్క చూడటానికి వచ్చింది. ఇంకా నీరసం ఉంది. గుమ్మంలో నిలబడి, ఆ మూల ఇంకా పొడిగా ఉంది, నీళ్లు పోయి అని నాకే పని చెప్పింది. జిడ్డు గీత రెండు రోజులుగా దుమ్ము పట్టే ఉంది, గుమాస్తా గారూ.

నాకు జ్వరం లేదు. ఫిబ్రవరి దాకా చూసుకుంటాను.

విశ్రాంత_పశువైద్యుడు
జనవరి 16, ఉదయం 11:05

అటక మీది చీరలు ఏం చేశారు?

పాకాల_పాతిల్లు
జనవరి 16, ఉదయం 11:30

తడిపి, కవర్లలో కట్టి, అన్నీ పారేద్దామనే తీశాను. అమ్మ ఒకటి పట్టుకుని వదల్లేదు. పెళ్లి చీర. కొంగు తప్ప ఏమీ మిగల్లేదు. సబ్బు వేసి వేడినీళ్లలో రెండుసార్లు ఉతికి, మూడు రోజులు మిద్దె మీద ఎండలో ఆరేశాం. ఇప్పుడు తిరుపతిలో అమ్మ బీరువాలో ఉంది.